మా అత్త వెతికిన ఫిలదెల్ఫియాలు

పోయిన వారం మా తమ్ముడికి కొత్త కళ్లజోడు పంపిద్దామని గుంటూరులో మా వీధి చివర ఉన్న కొరియర్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, చిరునామా నా నోట్లోంచి పూర్తిగా రాకముందే కంప్యూటర్లో కొట్టేస్తోంది. ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. ఫారిన్‌కైతే వేరే ఫారం నింపాలండీ అంది. ఫారిన్ కాదమ్మా, చిలకలూరిపేటలో దిగి ఇంకో బస్సెక్కితే అరగంటలో వస్తుంది అన్నాను. నమ్మలేనట్టు చూసి, తెరని నా వైపు తిప్పింది. ఒకే పేరు, కింద వరసగా ఊళ్లు. అమెరికాలో మహానగరం ఒకటి, ఆ దేశంలోనే దాని పేరు పెట్టుకున్న చిన్న చిన్న ఊళ్లు ఇంకొన్ని, ఎక్కడో దక్షిణాఫ్రికాలో ఒకటి. అన్నిటికీ అడుగున, పిన్‌కోడుతో సహా, మాది. "మీది ఏ ఫిలదెల్ఫియా అండీ?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. నా వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పేరు ఆ వరసలోకి ఎలా ఎక్కిందో అక్కడే కుర్చీ లాక్కుని చెప్పేదాన్ని. ఆ పిల్లకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

మా వాళ్లుండే పల్లె ఊరికి పడమటి పక్కన, వాగు ఒడ్డున ఉండేది. వానాకాలంలో వాగు ఇంట్లోకి వచ్చి మంచం కోళ్ల దాకా పలకరించి పోయేది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, అంటే ఎనభైల నడిమి రోజుల్లో, రోడ్డు పక్క మెరకలో మాకు ఇళ్ల స్థలాలిచ్చారు. చుట్టూ నల్లరేగడి, ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ముగ్గుపిండితో హద్దులు గీసిన రోజున మా వాళ్లందరూ ఆ గీతల్లో నిలబడి, ఇది నా వాకిలి, ఇది నా వంటిల్లు అని ఒకరికొకరు చూపించుకుంటుంటే, దూరాన్నుంచి చూసేవాళ్లకి పెద్దవాళ్లు తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నట్టుంది. మా మేనత్త అయితే తన గీతల్లోకి చెప్పులు విప్పి వెళ్లింది.

మా మేనత్త గురించి చెప్పాలి. నాన్నకి అక్క. మొగుడు పోయాడు కదా అని మూల కూర్చునే మనిషి కాదు. పత్తి తీతకీ, మిరప కోతకీ వెళ్లే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. ఆరడుగులకి కొంచెం తక్కువ. నాలుగెకరాల చేలో ఆ చివరి సాలులో ఎవరైనా పత్తి గుల్లల్లో సగం వదిలేసి ముందుకి పోతే, ఈ చివర గట్టు మీద నుంచి అత్త గొంతు వెళ్లి వాళ్లని వెనక్కి తీసుకొచ్చేది. ప్రార్థన పాకలో పాస్టరమ్మగారు సాయంత్రం పూట పెట్టిన బడిలో ముప్పయ్యేళ్లు దాటాక చదవడం నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇక ఆగలేదు. కంటికి కనబడిన అక్షరాన్నల్లా పైకి చదివేది. ఎరువు బస్తాలు, పురుగుమందు డబ్బాలు, బస్సు బోర్డులు, సినిమా వాల్‌పోస్టర్లు. ఆమె పక్కన బస్సులో కూర్చుంటే దారిలో ఉన్న దుకాణాల పేర్లన్నీ మనకి కంఠతా వచ్చేవి. నాకు సిగ్గుగా ఉండేది. నెమ్మదిగా చదువు అత్తా అంటే, "నెమ్మదిగా చదివితే నాకెట్టా వినబడిద్ది?" అనేది.

సిగ్గు అనే మాట వచ్చింది కాబట్టి దాని సంగతి ముందే ఒప్పుకోవాలి. అప్పుడు నేను గుంటూరులో టీచర్ ట్రైనింగులో ఉన్నాను. చేరిన రోజున హాస్టలు రిజిస్టర్లో ఇంటి చిరునామా రాయమన్నారు. నాకు ముందు రాసిన అమ్మాయి అగ్రహారం అని రాసింది, దాని పైన ఇంకో అమ్మాయి ఫలానా బజారు అని రాసింది. మాది రాయాలంటే ఫలానా ఊరు హరిజనవాడ అని రాయాలి. నా పెన్ను అక్కడ ఆగిపోయింది. ఆఖరికి, కేరాఫ్ ప్రధానోపాధ్యాయులు, ప్రాథమిక పాఠశాల అని రాసి బయటపడ్డాను. ఒక ఆదివారం అత్త గోంగూర పచ్చడి, వేయించిన ఎండుచేపలు కారియర్లో పెట్టుకుని నన్ను చూడటానికి వచ్చింది. వార్డెన్‌గారు ఎవరి తాలూకా అని రిజిస్టర్ తిప్పారు. అత్త సంగతి చెప్పాను కదా, బల్లకి ఇవతల నిలబడి తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా పైకి చదివేసింది. చదివి నా వైపు చూసింది. మీ నాన్న బళ్లో కాపరం ఉంటున్నాడా అని అడుగుతుందనుకున్నాను. కారియర్ తీసుకుని బయటికి నడిచింది. చెట్టు కింద కూర్చుని ఇద్దరం అన్నం తిన్నాం. ఎవరి గేదె ఈనింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది అన్నీ చెప్పింది. బస్సెక్కేముందు మాత్రం, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి నా వైపు తిరిగింది.

"ఉత్తరం మీద రాసుకోటానికి పిల్లలు సిగ్గుపడే పేరు మనకొద్దమ్మాయ్. కొత్త ఇళ్లకి పేరు నేను పెడతా."

ఆ తర్వాతి ఆదివారం కొత్త స్థలంలో, ఇంకా గోడలు లేవని పందిరి కింద, మా వాళ్లంతా కూర్చున్నారు. నేనూ వెళ్లాను. పేరేం పెడదామన్న మాట రాగానే తలకో పేరు పుట్టింది. ఒకాయన కొత్తపేట అన్నాడు. అలాంటివి జిల్లాలో ఇప్పటికే బోలెడున్నాయని ఇంకొకాయన కొట్టేశాడు. స్థలాలు ఇప్పించిన నాయకుడి తండ్రి పేరు పెడితే కరెంటు స్తంభాలు తొందరగా వస్తాయని మా నాన్న చిన్నగా అన్నాడు. అత్త లేచి నిలబడింది. ఆ ఉదయమే పాస్టరుగారు వాక్యంలో, బైబిలు చివరి పుస్తకంలో వచ్చే ఏడు ఊళ్ల క్రైస్తవ సంఘాల గురించి చెప్పారు. ఏడు ఊళ్లలో దాదాపు అన్నిటికీ చివాట్లు పడ్డాయి, ఒక ఊరికి మాత్రం బలం తక్కువైనా మాట తప్పలేదని మెచ్చుకోలు దొరికింది. ఆ ఊరి పేరే మనకి, అంది అత్త. పాస్టరుగారు మురిసిపోయి, ఆ పేరుకి అన్నదమ్ముల ప్రేమ అని అర్థమని చెప్పారు. ఎదురుబొదురుగా కూర్చున్న అన్నదమ్ములు నలుగురైదుగురు హద్దు గీతల తగాదాలో ఉన్నారు కాబట్టి మొహమొహాలు చూసుకున్నారు. అసలు ఇబ్బంది అర్థంతో రాలేదు, పలకడంతో వచ్చింది. పళ్లూడిన తాతలకి ఆ పేరు నోట్లో ఎటు తిప్పినా ఏదో ఒకచోట జారిపోయేది. అత్త ఊరుకుంటుందా. ఆ వారమంతా చేలో పత్తి తీస్తూ ముఠా చేత సాలుకి పదిసార్లు పలికించింది. అటుగా వచ్చిన ఆసామి, ఇదేదో కొత్త పురుగుమందు పేరనుకుని, ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగాడట.

పేరు పెట్టుకోవడం వేరు, కాయితాల్లోకి ఎక్కడం వేరు. మండలాఫీసులో కొత్త ఆవాసాల జాబితా తయారవుతోందని, అందులో ఏ పేరు పడితే ఇక అదే పేరని తెలిసింది. వెళ్లేసరికి గుమాస్తా మా వరసలో హరిజనవాడ, బ్రాకెట్లో రెండు అని పెన్సిలుతో అప్పటికే రాసి పెట్టాడు. అత్త నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఎమ్మార్వోగారి గదిలోకి వెళ్లింది. ఆయన చెడ్డమనిషేం కాదు. పనిలో మునిగిపోయిన మనిషి. అత్త చెప్పిన పేరు విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇది పేరా, మన దేశపు పేరేనా, ఈ చుట్టుపక్కల ఇలాంటి పేరు ఎవరైనా విన్నారా అన్నారు. ఉంటే రుజువు తీసుకురమ్మని, జాబితా వచ్చే శుక్రవారం మధ్యాహ్నం గుంటూరు వెళ్లిపోతుందని చెప్పారు. మమ్మల్ని పంపించెయ్యడానికి అన్న మాటే అది. అత్తకి మాత్రం అది మాస్టారు ఇచ్చిన ఇంటిపనిలా వినబడింది. వరండాలోకి వచ్చాక మొహం వెలిగిపోతోంది. "రుజువు తెమ్మన్నాడు. వద్దనలేదు, విన్నావుగా?" అంది.

నా వంతు పని నేను గుంటూరులో మొదలుపెట్టాను. మా ట్రైనింగ్ స్కూలు లైబ్రరీలో, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని పాత అట్లాసు ఉండేది. మాకు జాగ్రఫీ చెప్పే మేడంగారిని అడిగితే ఆవిడ భూతద్దం పట్టుకుని నా పక్కనే బల్ల మీదికి వంగిపోయారు. బైబిల్లోని ఆ ఏడు ఊళ్లూ ఇప్పటి టర్కీలోవి కాబట్టి ఆ దేశం పటమంతా వెతికాం. ఆ పేరే లేదు. మేడంగారు నవ్వి, ఊరు ఉందమ్మా, పేరు మారింది, ఇప్పుడు వేరే పేరుతో పిలుస్తారు అని ద్రాక్షతోటల మధ్య ఒక చుక్కని చూపించారు. ఆ పూట ఆవిడ చెప్పిన సంగతులు వింటుంటే నాకు నిలబడ్డచోట నిలవబుద్ధి కాలేదు. ఒకప్పుడు అక్కడ ఇద్దరు అన్నదమ్ములు. అన్న రాజు. అన్నని దించి నువ్వు కూర్చో అని పైవాళ్లు ఆశపెడితే తమ్ముడు కాదన్నాడట. ఆ తమ్ముడి బిరుదుతో వచ్చింది ఆ పేరు. అక్కడ నేల ఊరికే కంపించేదట. అందుకని జనంలో చాలామంది ఊళ్లో ఉండలేక, బయట పొలాల్లోనే కాపరాలు పెట్టుకుని సేద్యం చేసుకునేవాళ్లట. జోర్డాన్ రాజధానికి కూడా పాతకాలంలో ఇదే పేరుండేదని, అక్కడా మారిపోయిందని, సముద్రాలు దాటి అమెరికాలో మాత్రం పేరు నిలిచిందని చెప్పారు. అసలు ఊరు పేరు వదిలేసింది, పేరు మాత్రం ఊళ్లు వెతుక్కుంటూ తిరుగుతోంది అనిపించింది నాకు. శనివారం ఇంటికెళ్లి ఇదంతా అత్తకి చెప్పాను. అన్నదమ్ముల కథ, అమెరికా, ఏదీ పట్టించుకోలేదు. "అయితే వాళ్లూ ఊరికి బయటే ఉన్నారన్నమాట" అంది.

ఆమె వెతుకులాట పద్ధతి వేరు. అట్లాసులు, భూతద్దాలు లేవు. ముఠాలో ప్రతి మనిషికీ ఎక్కడో ఒకచోట అక్కో, వదినో ఉంటుంది కదా. వాళ్లని అడిగింది. మీ అక్కయ్య వాళ్ల ప్రార్థన పాక పేరేంటి, మీ వదినె పుట్టింటి పేట పేరేంటి అని. సోమవారానికి రెండు ఆచూకీలు దొరికాయి. ఒకటి వేటపాలెంలో, ఒకటి దాచేపల్లి దగ్గర. నేను ట్రైనింగుకి మూడు రోజులు జ్వరమని సెలవుచీటీ రాశాను. నిజానికి ఆ మూడు రోజులూ నాకు ఒళ్లు కాలుతూనే ఉంది, ఉత్సాహంతో.

వేటపాలెంలో జీడిపప్పు కొట్టే ఆడవాళ్ల పేట అది. మధ్యాహ్నం భోజనాల వేళకి చేరాం. జీడి రసానికి వేళ్లు నల్లగా మరకలు పడిపోయి, ఆ వేళ్లతోనే మాకు మజ్జిగ ఇచ్చారు. రేకుల షెడ్డు ముందు చెక్క మీద నీలం రంగుతో మా పేరే. అత్త గట్టిగా చదివి, చదివిన తర్వాత ఆ చెక్కని చేత్తో తడిమింది. అక్కడొక పెద్దావిడ, అసలు ఫిలదెల్ఫియా మాదే, మిగతావన్నీ మమ్మల్ని చూసి పెట్టుకున్నవే అంది. అత్త తగ్గలేదు. అసలుది టర్కీలో ఉందని, దాని పేరు కూడా ఇప్పుడు అది కాదని నా దగ్గర విన్నదంతా అప్పచెప్పింది. పెద్దావిడ శాంతంగా విని, వాళ్లు వదిలేశారంటున్నావుగా, ఇంకేం మరి, మాదే అసలు అంది. అత్త మిగిలిన మజ్జిగ తాగేసి అసలు పనిలోకి దిగింది. రుజువు కావాలంటే, ఒక పిల్ల లోపలికెళ్లి ఇన్‌లాండు కవరు తెచ్చింది. మిలట్రీలో ఉన్న వాళ్ల అన్న రాసిన ఉత్తరం. చిరునామాలో ఫిలదెల్ఫియా పేట, దాని మీద పోస్టాఫీసు ముద్ర. ఇవ్వడానికి ఆ పిల్ల చేయి రాలేదు. అన్న దగ్గర్నుంచి ఆ ఏడాది వచ్చింది అదొక్కటేనట. నా చేత్తో నీ చేతికి తెచ్చిస్తానని అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. తిరుగు ప్రయాణంలో ఆ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని, కండక్టరు టిక్కెట్టు అడిగినా చెయ్యి తియ్యలేదు.

దాచేపల్లి ప్రయాణం ఇంకో తీరు. ఆ వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకి చెట్లు, గేదెలు, మనుషుల కనుబొమలు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. సున్నపురాయి క్వారీలో పనిచేసేవాళ్ల గుడిసెల వరస దగ్గర, చేతిపంపు పక్కన, నాపరాయి మీద పేరు చెక్కి ఉంది. ఆ పేరు మీద అక్కడివాళ్లకి ఉత్తరాలు రావు, రాసేవాళ్లు లేరు. కాయితం ముక్క లేదు. అత్త దిగులుగా చేతిపంపు గట్టు మీద కూర్చుంది. నలుగురూ గుమిగూడారు. మాకు శుక్రవారం గడువని తెలిసి, రాళ్లు చెక్కే ఆయన ఒకడు, కాయితమే రుజువా ఏంది, రాయి కాదా అని లేచాడు. పలకంత నాపరాయి తెచ్చుకుని, మేం అన్నం తినేలోపు, ఫిలదెల్ఫియా, దాచేపల్లి అని రెండు వరసల్లో చెక్కి చేతిలో పెట్టాడు. పేరులో ఒక ఒత్తు తక్కువైంది. నేను నోరు తెరవబోతే అత్త నా కాలు తొక్కింది. ఆ రాయిని ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని బస్సులో కూర్చుంది. అది లగేజీ అని కండక్టరు, కాదు సాక్షి అని అత్త, పిడుగురాళ్ల దాకా వాదించుకుంటూనే ఉన్నారు.

మూడోది మేం వెతికింది కాదు, అదే దొరికింది. నరసరావుపేటలో బస్సు బజారు మలుపు తిరుగుతోంది. అత్త అలవాటు ప్రకారం కిటికీలోంచి బోర్డులు చదువుతోంది. కిరాణా, మందుల షాపు, సైకిలు రిపేరు, ఫిలదెల్ఫియా టైలర్స్. అదే గొంతుతో ఇంకో రెండు బోర్డులు చదివేసి, అప్పుడు ఆగింది. నేనూ ఆమె మొహంలోకి చూశాను. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపుకి డ్రైవరు ఎవరో చక్రం కింద పడ్డారనుకుని బ్రేకు మీద నిలబడ్డాడు. రాయితో సహా దిగి వెనక్కి పరిగెత్తాం.

కుట్టుమిషను మీద గడ్డం నెరిసిన సాయిబుగారు కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి, మీరు ఈ పేరు అని అత్త ఆగిపోయింది. ఆయన మిషను ఆపి, మాకు నీళ్లిప్పించి, మెల్లగా చెప్పారు. తనకి పని నేర్పినాయన మాలాగే క్రైస్తవుడు. చిన్నప్పుడు ఇంట్లో గడవక వచ్చిన తనని పక్కన కూర్చోబెట్టుకుని, కాజాలు కుట్టడం దగ్గర్నుంచి కోటు కత్తిరించడం దాకా నేర్పాడు. పిల్లల్లేని మనిషి. పోయేటప్పుడు కొట్టు ఈయనకే అప్పచెప్పాడు. పేరు మార్చుకోమని అయినవాళ్లు చాలామంది చెప్పారట. "పేరు పెట్టింది గురువమ్మా. పని ఆయనది తీసుకుని పేరు నాది పెట్టుకుంటే నాకు సూదిలో దారం ఎక్కుద్దా?" అన్నారు. ఆ పేరుకి అర్థం తెలుసా అని నేనడిగాను. తెలియదన్నారు. చెప్పాను. ఆయన కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తర్వాత కొట్టు పేరు అచ్చువేసిన బిల్లు పుస్తకంలోంచి ఒక కాయితం చింపి, వెనకవైపు జరిగిందంతా రాసి, సంతకం పెట్టి ఇచ్చారు.

శుక్రవారం పొద్దున్నే మండలాఫీసుకి అత్త ఒక్కతే రాలేదు. ముఠా మొత్తం వచ్చింది. చేలోకి వెళ్లే బట్టలతోనే, నడుముకి పత్తి ఒడులు కట్టుకుని, వరండా నిండా నిలబడ్డారు. ఎమ్మార్వోగారు ఎక్కడికో క్యాంపుకి బయలుదేరుతున్నారు. జీపు స్టార్టయి ఉంది. అత్త మెట్లకి అడ్డంగా నిలబడి, రుజువు తెమ్మన్నారుగా బాబూ, తెచ్చానండి అంది. ఆయనకి ముందు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, వెనక్కి గదిలోకి వచ్చి కూర్చున్నారు. బల్ల మీద ఇన్‌లాండు కవరు పెట్టింది. టైలరుగారి కాయితం పెట్టింది. తర్వాత కొంగులోంచి రాయి తీసి పెట్టింది. ఇంకు బుడ్లు ఎగిరి పడ్డాయి. నేను మేడంగారి దగ్గర రాసుకున్న నోట్సు చదివాను. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. రాయిని కూడా ఎత్తబోయి మానుకున్నారు. అప్పుడు కొత్త ప్రశ్న వేశారు. మొదట ఎక్కడా లేదనుకున్నాను, ఇప్పుడు చూస్తే ఎక్కడ పడితే అక్కడ ఉంది, ఇన్ని ఉంటే మీది ఏదో ఎలా తెలుస్తుందమ్మా, ఉత్తరాలు తారుమారు కావా అని. నేను నోట్సు తిరగేస్తున్నాను. అత్త తడుముకోలేదు.

"మా ముఠాలోనే మరియమ్మలు ఆరుగురున్నారండి. సాయంత్రమైతే ఎవరింటికి వాళ్లే పోతన్నారు."

వరండాలో ఉన్న ఆరుగురు మరియమ్మలూ ముందు నవ్వారు. తర్వాత గుమాస్తా నవ్వాడు. ఎమ్మార్వోగారు నవ్వాపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, ఆపుకోలేకపోయారు. రిజిస్టరు తెమ్మన్నారు. పెన్సిలుతో రాసినది చెరిపేసి, గుమాస్తా పెన్ను పట్టుకుని, స్పెల్లింగు తెలియక ఆగాడు. ఆయన నా వైపు చూసి, నువ్వు చదువుకుంటున్నావుగా, రాయమ్మా అన్నారు. ఆ బల్ల దగ్గర నిలబడి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో, గవర్నమెంటు రిజిస్టర్లో మా ఊరి పేరు నా చేత్తో రాశాను. రాస్తున్నంతసేపూ అత్త నా భుజం మీదుగా వంగి, ఒక్కో అక్షరం పడగానే పైకి చదువుతూనే ఉంది. ఆ రోజు మాత్రం నాకు నెమ్మదిగా చదవమని చెప్పాలనిపించలేదు. మర్నాడు హాస్టలుకి వెళ్లి వార్డెన్‌గారిని అడిగి, రిజిస్టర్లో చిరునామా దిద్దుకున్నాను.

పేరు పండగ అని అత్త ఒకటి పెట్టింది, మిరప కోతలయ్యాక. అంతమంది వస్తారని ఆమె కూడా అనుకోలేదు. వేటపాలెం ఆడవాళ్లు పిల్లలతో సహా బస్సు దిగారు. ముద్ర పడిన ఆ ఉత్తరాన్ని అత్త జాకెట్లోంచి తీసి, అందరి ఎదుటా ఆ పిల్ల చేతిలో పెట్టింది. దాచేపల్లివాళ్లు రాళ్ల లారీ మీద, తెల్లటి దుమ్ముతో, పాడుకుంటూ వచ్చారు. వాళ్లతో వచ్చిన ఆ రాళ్లు చెక్కే ఆయన మాకోసం ఇంకో పెద్ద రాయి తెచ్చాడు. దాంట్లో ఒత్తు కూడా ఉంది, ఎవరు చెప్పారో. సాయిబుగారు నరసరావుపేట నుంచి తెల్లటి గుడ్డ మీద ఎర్ర గుడ్డతో అక్షరాలు కత్తిరించి కుట్టిన బ్యానరు తెచ్చి, తనే నిచ్చెనెక్కి కట్టారు. పరిచయాలు చూడాలి. మీది ఏ ఊరండీ అంటే ఫిలదెల్ఫియా, మీదండీ అంటే మాదీ ఫిలదెల్ఫియానే. అక్కా, వదినా, బాబాయ్ అని వరసలు కలిపేసుకున్నారు. హద్దు గీతల తగాదాలో ఉన్న మా అన్నదమ్ములు, ఇంతమంది ముందు బాగుండదని, ఒకే గుంజకి రెండువైపులా నిలబడి పందిరి లేపారు. భోజనాలు జరుగుతుండగా చిలకలూరిపేట బస్సు వచ్చింది. ఆ రోజు దాకా అక్కడ బస్సు ఆగేది కాదు, ముందుకెళ్లి ఊళ్లో ఆగేది. జనాన్ని, బ్యానరుని చూసి డ్రైవరు ఆపాడు. కండక్టరు తల బయటికి పెట్టి, కూడబలుక్కుని చదివి, "పిల్లడెల్ఫీ వాళ్లు దిగాలి" అని కేక పెట్టాడు. దిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా పందిరి కింద ఉన్న అందరం విస్తళ్ల ముందు నుంచి లేచి చప్పట్లు కొట్టాం.

అదే ఏడాది నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి ఉత్తర్వు ఆ పేరుతోనే వచ్చింది. తర్వాత ఎన్నో ఊళ్లలో పనిచేశాను, ఎక్కడ రిజిస్టర్లో సంతకం పెట్టినా, నీది ఏ ఫిలదెల్ఫియా అని ఒకరైనా అడిగేవాళ్లు. చెప్పడం నాకెప్పుడూ విసుగు రాలేదు. అత్త ఇంకో ఇరవై ఏళ్లు బతికి, చివరిదాకా ముఠాని అదిలిస్తూనే, అక్షరాలు పైకి చదువుతూనే వెళ్లిపోయింది. మా ఊళ్లో ఇప్పుడు పిల్లలు ఆ పేరుని ఫిల్లీ అని కుదించేశారు. ఎవరూ నోరు తిప్పుకోవడం నేర్చుకోనక్కర్లేదు, ఎవరూ రాయి మోయనక్కర్లేదు. పోయినసారి వెళ్లినప్పుడు ఒక పదేళ్ల పిల్లని, ఈ పేరు ఎలా వచ్చిందో తెలుసా అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, ఎప్పుడూ ఇదేగా అమ్మమ్మా అంది. ఆ మాటకి ముందు మనసు చివుక్కుమంది, ఇంటికొచ్చేలోపు సంతోషమేసింది. మేం పరిగెత్తి తెచ్చుకున్నదాన్ని వాళ్లకి ఎప్పటినుంచో ఉన్నట్టు చేసి ఇచ్చింది కాలం. ఆ పని మా అత్త వల్ల కూడా అయ్యేది కాదు.